ఇరవయ్యో భాగం

విమానాలు మా ఊరి మీద కొత్తగా దిగుతున్న రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. మనిషికి ఉండాల్సిన తెలివి ఒక్కటి తప్ప తక్కినవన్నీ ఉండేవి. తొండుపల్లిలో మా పొలం విమానాశ్రయం కిందికి పోయింది. నేను పోయి అదే విమానాశ్రయంలో ఒక కార్గో ఏజెంటు దగ్గర పెట్టెలకు చీటీలు అంటించే పనిలో చేరాను. మా బాపు చుట్టాలతో "మావోడు మా పొలానికే కూలికి పోతుండు" అని చెప్పి తనే నవ్వేవాడు, ఆ నవ్వులో నవ్వు ఉండేది కాదు. నా తోటివాళ్లు ఆ వయసులో బండ్లు కొన్నారు, తుక్కుగూడ వైపు ప్లాట్లు కొన్నారు. నేను పాత పుస్తకాలు కొన్నాను. ఆ ప్లాట్ల పక్కగా వెళ్లినప్పుడల్లా మా ఆవిడ ఒకసారి వాటి వైపు, ఒకసారి నా వైపు చూస్తుంది. నేను బండి నడపడం మీద శ్రద్ధ పెడతాను.

పాత పుస్తకాలంటే పెద్దవాళ్ల గ్రంథాలేవో అనుకోకండి. అరచేతికి కాస్త పెద్దగా ఉండే మాసపత్రికలు. అట్ట మీద ఒక కత్తి, ఒక పాము, కేక పెడుతున్న ఒక అమ్మాయి ఉండి తీరాలి (లోపలి కథలో అమ్మాయే ఉండదు, ఆమె ఎందుకు కేక పెట్టిందో మనకు ఎప్పటికీ తెలియదు). లోపల గోధుమరంగు కాగితం, అరిగిన అచ్చు, జుట్టు ఊడకుండా ఉండే తైలాల ప్రకటనలు. వీటిలో సాహస కథలు, మాంత్రికుల కథలు రాసే ఒకాయన మీద నాకు పిచ్చి. ఆయన కలం పేరు ఇక్కడ చెప్పను. చెప్పినా మీకు తెలియదు, తెలియకపోవడంలో నా పాపం కూడా కొంత ఉంది. ఏ కథ మొదలుపెట్టినా మూడో పేజీ దాటకుండా కథానాయకుణ్ణి గుహలోకి తోసేవాడు కాబట్టి నేను ఆయనకు గుహల సారు అని పేరు పెట్టుకున్నాను.

ఈ పిచ్చి అంటించింది మా లారీ మామ, అంటే మా అమ్మ తమ్ముడు. తొమ్మిదో తరగతి సెలవుల్లో ఆయన లారీ సీటు కింద నాకు ఆరు సంచికలు దొరికాయి. వాటిలో 'ఏడు గవ్వల లోయ' అనే సీరియల్ ముక్కలు ముక్కలుగా ఉంది. గొర్రెలు కాసుకునే సారంగుడనే కుర్రాడి ఊరి నుంచి ఒక మాంత్రికుడు ఏడు గవ్వలు ఎత్తుకుపోతాడు, ఆ రోజు నుంచి ఊళ్లో వాన పడదు, కుర్రాడు గవ్వల కోసం లోయలోకి దిగుతాడు. చివరికి ఏమైంది మామా అని అడిగితే, ఆఖరి భాగం తాను ఎక్కడో దాబాలో కూర్చుని చదివానని చెప్పి, కల్లు తాగిన రోజు ఒక ముగింపు, తాగని రోజు ఇంకొక ముగింపు చెప్పేవాడు. నాకు ఆ ఆఖరి భాగం కావాలి. జీతం రావడం మొదలైన నెల నుంచే వేట మొదలుపెట్టాను.

గగన్‌పహాడ్‌లో హైవే పక్కన ఒక పాత కాగితాల గోదాము ఉండేది. దాని యజమానిని అందరూ కాటా అన్న అనేవాళ్లు. రోజంతా తక్కెడ ముందు నుంచి లేచేవాడు కాదు, మనిషిని చూసినా ముందు బరువు అంచనా వేసేవాడు. సోమవారం నగరం నుంచి సరుకు దిగేది. మంగళవారం నాకు వారపు సెలవు. పొద్దున్నే వెళ్లి నోట్‌పుస్తకాల గుట్టలోకి, పెళ్లిపత్రికల గుట్టలోకి నడుములోతు దిగి వెతికేవాణ్ణి. నెలకు ఒకటో రెండో దొరికేవి. దొరికిన రోజు ఇంటికి వెళ్లి మెత్తటి గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, భాగాల వరుసలో బీరువాలో పేర్చేవాణ్ణి. ఆ బీరువా మా అమ్మ పట్టుచీరలది. చీరలు ట్రంకుపెట్టెలోకి మారాయి. నువ్వు పెండ్లాన్ని గూడ గిట్లనే కవర్ల పెట్టి దాస్తవా అని అమ్మ ఒకసారి అడిగింది, నేను ఇంకొక సంచి తీశాను.

ఒక మంగళవారం కాటా అన్న తక్కెడ వైపు చూస్తూనే ఒక మాట నా చెవిన వేశాడు. ఒక ముసలాయన గొడుగు పట్టుకొని బుధవారం బుధవారం వస్తున్నాడట, ఆయన కూడా ఇవే పుస్తకాలు అడుగుతున్నాడట. నా ఒళ్లు భగ్గుమంది. ఈ పిచ్చి ఉన్నవాళ్లకే అర్థమవుతుంది ఆ మంట. ప్రపంచంలో ఇంకెవరికీ అక్కరలేని వస్తువు ఇంకొకరికి కావాలని తెలిస్తే దాని మీద మనకు ప్రాణం లేచొస్తుంది. నేను అక్కడికక్కడే, ఆ గొడుగు తాత వీటిని కోఠిలో ఎక్కువకు అమ్ముకునే దళారి అని అబద్ధం చెప్పాను. పుస్తకం దొరికితే పక్కన పెట్టి నాకే ఇవ్వమని ఒట్టు వేయించుకున్నాను. కాటా అన్న మాట మీద నిలబడే మనిషి, నా ఖర్మ. రెండేళ్లు ఆ ముసలాయన బుధవారం వచ్చి, ఖాళీ చేతులతో తిరిగి వెళ్లిపోయాడు. నేను ఇరవై నాలుగు భాగాలూ పూర్తి చేశాను. కథ ముగిసే ఇరవై అయిదోది ఒక్కటే దొరకలేదు, తాత ఎక్కడో దాచి ఉంటాడని రోజూ తిట్టుకున్నాను.

చివరికి ఆయన తెలివి తెచ్చుకుని మంగళవారం వచ్చాడు. నేను గుట్టలోంచి తల బయటికి పెట్టేసరికి ఎదురుగా గొడుగు. బక్కపలచటి మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆ పుస్తకాలన్నీ నువ్వే కొంటున్నావట కదా బిడ్డా, ఒకసారి చదివి ఇచ్చేస్తాను అని చాలా మెల్లగా అడిగాడు. నేను వదల్లేదు. నా అబద్ధాన్ని నేనే నమ్మేసి, నిజమైన అభిమానో దళారో తేల్చాలని అక్కడే పరీక్ష పెట్టాను. "సరే, సారంగుని కుక్క పేరేంది చెప్పు తాతా."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "యాది లేదు," అన్నాడు.

నేను కాటా అన్న వైపు విజయగర్వంతో చూశాను. చూసినవా, నేను చెప్పలే? ముసలాయన గొడుగు కర్ర మీద రెండు చేతులూ ఆనించి, తప్పు చేసినవాడిలాగా, "రాసి నలభై ఏండ్లాయె బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత నేను ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. కాళ్లు మొక్కినట్టు మాత్రం గుర్తుంది, మోకాళ్ల దాకా కాగితాల్లో ఉండటం వల్ల ఆయన కాళ్లు అందక గొడుగుకు మొక్కాను. గోదాము వెనక సందులో, ఫ్యాక్టరీ గోడ పక్కన రెండు గదుల కిరాయి ఇల్లు ఆయనది. కూతురితో ఉండేవాడు. ఆ అక్క అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోయేది. గోడ మీద సిలువ, దాని కింద వాక్యం రాసిన క్యాలెండరు, ఇంకేమీ లేదు. ఆయన నగరంలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే పని చేసేవాడట. పత్రిక అచ్చయ్యేదీ అక్కడే. ఒక నెల కథ రావాల్సిన రచయిత రాక పేజీలు ఖాళీ పడితే, యజమాని నువ్వే ఏదో ఒకటి నింపు అన్నాడట. ఈయన కాగితం మీద రాయకుండా, నిలబడి నేరుగా అక్షరాలు పేర్చుకుంటూ కథ అల్లేశాడు. అలాగే ఇరవై నాలుగు నెలలు. కాబట్టి చేతిరాత ప్రతి అనేది లేనేలేదు. ఆయన సొంత అన్న చర్చిలో పాస్టరు, ఆ అన్న పరువు పోకూడదని కలం పేరు పెట్టుకున్నాడు. మంత్రగాళ్లను వారమంతా పేర్చి, ఆదివారం ముందు వరుసలో కూర్చుని పాటలు పాడేవాణ్ణని చెప్పి నవ్వాడు. ఇంట్లో దాచుకున్న సంచికలు పెళ్లయిన కొత్తలో భార్య కంటబడ్డాయి. మంత్రగాడు ఇంట్లో ఉంటే ప్రార్థన ఎట్ల నిలబడుతుందని ఆమె వాటిని నీళ్లపొయ్యిలో పెట్టింది. "ఆమె తప్పేం లేదు, ఆ నాడు నీళ్లు బాగా కాగినయి," అన్నాడు.

నేను గుండె చిక్కబట్టుకుని ఇరవై అయిదో భాగం సంగతి అడిగాను. అది లేదట. ఇరవై నాలుగో నెల కాగానే పత్రిక మూతబడింది. సారంగుడు రాతి తలుపు ముందు నిలబడి ఉండగా ప్రెస్సుకు తాళం పడింది. నేను వెతికిన వస్తువు ఈ భూమ్మీద ఎప్పుడూ లేదు. (లారీ మామకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి అడిగాను. మరి నువ్వు అంత ఆశగా అడుగుతుంటే ఏం చెప్పమంటవురా అన్నాడు.) కానీ ముసలాయన ఇంకా ఏదో చెబుతున్నాడు. పింఛను లేని ముసలితనంలో, పని లేని చేతులతో కూర్చుంటే ఆ కుర్రాడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడని రోజూ గుర్తొస్తోందట. ముగించాలని ఉంది. కానీ కథ మరిచిపోయాడు. ఒకసారి మొదటి నుంచి చదివితే ముగింపు దానంతటదే వస్తుంది. అందుకే రెండేళ్లుగా గోదాము చుట్టూ తిరుగుతున్నాడు. "ఒక్క వారం నా దగ్గర ఇడిసిపెట్టు బిడ్డా. ఆఖరు భాగం రాసి నీకే ఇస్త."

ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి. ఎవరైనా ఆటో మాట్లాడుకుని బీరువాతో సహా తెచ్చి ఆయన ముందు దించుతారు. నేను ఆ ఇల్లంతా ఒకసారి కలియజూశాను. నా కళ్లకు ఆ ఇంట్లో కనబడ్డవి వేరు. పై రేకుల్లో చిన్న చిల్లు, మూలన నీళ్ల బిందె, ఒలికిన టీ మరక, పేజీ తిప్పేముందు నాలుకకు వేలు అద్దుకునే ముసలి అలవాటు. జిరాక్స్ తీయించొచ్చు కదా అంటారు మీరు. కాటా అన్న కూడా అన్నాడు. గాజు మీద బోర్లా అదిమితే పుస్తకం నడుం విరుగుతుందని నాకు భయం. ఆ రోజుల్లో నా ఫోన్లో ఫోటో తీస్తే మనిషికీ గొర్రెకీ తేడా తెలిసేది కాదు. అందుకని చాలా ఉదారంగా ఒక ఏర్పాటు చెప్పాను. ప్రతి మంగళవారం ఒక్క భాగం నేనే తెస్తాను, మీరు నా ముందే చదవండి, నేను తిరిగి తీసుకుపోతాను. ఆయన వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుని, నా మొహం చూసి, సరే అన్నాడు.

ఆ మంగళవారాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. నేను వెళ్లగానే ఆయన సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తువ్వాలుతో తుడుచుకోవాలి, తుడుచుకున్నాడో లేదో నేను పట్టి చూసేవాణ్ణి. టీ నేను వెళ్లాకే. పుస్తకం ఆయన ఒడిలో, పేజీలు తిప్పడం నేను. తాను రాసిన పుస్తకాన్ని ముట్టుకోవడానికి ఆయన నా అనుమతి తీసుకున్నాడు, దానికి నేను తల పంకించాను. ఆయన మాత్రం చిన్నపిల్లాడిలా చదివేవాడు. ఎవడు రాసిండు గిది, మంచిగనే ఉంది అని తన్ను తానే మెచ్చుకునేవాడు. ఫలానా వరుసలో అక్షరాలు తారుమారయ్యాయని, ఆ రోజు జ్వరంతో పేర్చానని చెప్పేవాడు. కుక్క పేరు దొరికిన రోజు కూతుర్ని పిలిచి మరీ చెప్పాడు. పుస్తకం సంచిలోకి వెళ్లిపోయేటప్పుడు మాత్రం, ఇంకొక్కటి తేకపోయినవా అని ప్రతిసారీ అడిగేవాడు. వచ్చే వారం అని నేను ప్రతిసారీ అనేవాణ్ణి. ఆ అక్క ఒకసారి గుమ్మం దగ్గర నన్ను ఆపి, బాపుకు గుండె నిదానంగా కొట్టుకుంటోందని దవాఖానలో చెప్పారు, నాలుగైదు ఒకేసారి ఇయ్యరాదా తమ్మీ అని అడిగింది. ఇస్తానన్నాను. ఇంటికి వెళ్లి బీరువా తెరిచాను. చూశాను. మూశాను.

పందొమ్మిది భాగాలు అయ్యాయి. అప్పటికి వానలు పట్టుకున్నాయి. ఆ ఏడాది మంగళవారం వచ్చిందంటే వాన ఆకాశంలో కాచుకుని ఉన్నట్టే ఉండేది. నాకు రెయిన్‌కోటు ఉంది. నాకు తడవడం సమస్య కాదు, ఇరవయ్యో భాగం తడవడమే సమస్య. ఒక మంగళవారం ఆగాను. రెండో మంగళవారం మబ్బు చూసి ఆగాను, ఆ రోజు చుక్క కూడా పడలేదు. మూడో మంగళవారం నిజంగానే దంచికొట్టింది, నేను కిటికీ దగ్గర కూర్చుని నా దూరదృష్టికి నన్ను నేనే మెచ్చుకున్నాను. ఒక ఫోన్ చేద్దామని తోచింది. ఆయనకు ఫోన్ లేదు కదా అనుకున్నాను. కూతురికి ఉంది.

నాలుగో మంగళవారం ఎండ కాసింది. ఇరవయ్యో భాగం సంచిలో పెట్టుకుని, ఈసారి ఇరవై ఒకటి కూడా తీసుకుని (అంత పెద్ద మనసు చేసుకున్నాను) వెళ్లాను. సందు మొదట్లో ఒక ట్రాలీ ఆటోలోకి కిరాయి కుర్చీలు ఎక్కిస్తున్నారు. పెళ్లో, పుట్టినరోజో అనుకున్నాను. ఆ కుర్చీలు గుహల సారు గుమ్మంలోంచి వస్తున్నాయని అర్థం కావడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆదివారం పోయాడట. సోమవారం మట్టి చేశారట. లోపల ఇద్దరు ముగ్గురు చర్చివాళ్లు కూర్చుని ఉన్నారు. ఆ అక్క నన్ను చూసి, ఏడవకుండా, లోపలికి వెళ్లి రెండు కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇగ ఆ పిలగాడు నా పానం ఉండంగ అన్ని తేడు అని చెప్పి, పోయిన వారం కూర్చుని ఆఖరి భాగం రాశాడట. నాకే ఇవ్వమన్నాడట.

నిలబడే చదివాను. వంకర అక్షరాలు, కానీ అచ్చులాగా తీర్చి రాసినవి. సారంగుడు రాతి తలుపు తెరుస్తాడు. లోపల మాంత్రికుడు కూర్చుని ఉంటాడు, పండు ముసలివాడైపోయి, ఒళ్లో ఏడు గవ్వలు పెట్టుకుని. వీటితో ఏం చేయాలనుకున్నానో మరిచిపోయాను నాయనా, తీసుకుపో, కాకపోతే ఈ ఒక్క రాత్రి నా దగ్గర ఉంచి పొద్దున తీసుకుపో, అంటాడు. సారంగుడు గవ్వలు ఆయన ఒళ్లోనే ఉంచి, తలుపు బయట పడుకుంటాడు. అంతే.

ఇప్పుడైతే ఆ కాగితాలు చదవడానికి నేను ధైర్యం కూడగట్టుకోవాలి. ఆ రోజు నాకు కనబడింది ఒక్కటే, తప్పు. ఇరవై నాలుగు భాగాలు కంఠతా వచ్చిన మేధావిని కదా. చావు జరిగిన ఇంట్లో, చర్చివాళ్ల ముందు, కాగితం మీద వేలు పెట్టి చూపిస్తూ అన్నాను.

"ఇది కుదరదక్కా. మాంత్రికుడు ఇరవయ్యో భాగంలనే చచ్చిపోతడు."

ఆమె నా భుజానికి వేలాడుతున్న సంచిని చూసింది. లోపల ఏముందో ఆమెకు తెలుసు.

"నువ్వు తెచ్చిస్తే తెలుస్తుండె గద తమ్మీ," అంది.

కోపంగా అని ఉంటే బాగుండేది. కుర్చీల లెక్క తక్కువైందని బయట ఎవరో పిలిస్తే ఆమె వెళ్లిపోయింది. నేను ఆ సందులోంచి ఎట్లా బయటపడ్డానో నాకు తెలియదు. హైవే మీద లారీల పక్కన నడుచుకుంటూ వచ్చాను, బస్సు ఎక్కడానికి చెయ్యి ఎత్తబుద్ధి కాలేదు. మళ్లీ గోదాముకు పోలేదు. కొన్ని నెలలకు ఆ అక్క ఇల్లు ఖాళీ చేసిందని విన్నాను. ఎక్కడికి వెళ్లిందో కనుక్కోలేదు, కనుక్కుని ఏ మొహంతో పోవాలి.

ఇప్పుడు నాకు నలభై దగ్గరపడింది. చీటీలు అంటించడం మానేసి, చీటీలు అంటించేవాళ్లను కసురుకునే పనిలోకి వచ్చాను. మా పాపకు ఎనిమిదేళ్లు. పోయిన వేసవి సెలవుల్లో, మధ్యాహ్నం అన్నాలు అయ్యాక, దానికి 'ఏడు గవ్వల లోయ' చెప్పడం మొదలుపెట్టాను, రోజుకు ఒక భాగం కాదు, అది అడిగినన్ని. ఒక్క ఇరవయ్యో భాగం మాత్రం చెప్పలేదు. పందొమ్మిది తర్వాత ఇరవై ఒకటి. మాంత్రికుడు చావలేదు. అతుకు దగ్గర కాస్త తడబడ్డాను కానీ పాప పట్టుకోలేదు. చివరికి ఆ రెండు కాగితాలు చదివి వినిపిస్తే, చక్కగా అమరిపోయింది, మొదటి నుంచి ఆ కథ అట్లాగే నడిచినట్టు.

పాప, "మరి పొద్దుగాల గవ్వలు తిరిగిచ్చిండా డాడీ?" అని అడిగింది.

ఆ రోజుల్లో నేనైతే ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి, రచయిత ఆ సంగతి రాయలేదని.

"ఇచ్చిండు బిడ్డా," అన్నాను. "అన్నీ ఇచ్చిండు."